బొంత అంటే నామోషీ ఎందుకు?

సందేహం: మాది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా. పెళ్లయిన దగ్గర్నుంచి హైదరాబాదులోనే ఉంటున్నాం. మా ప్రాంతం గుర్తుగా గుడ్డముక్కలతో ఒక దుప్పటి కుట్టాను. నడుమ ఆకుపచ్చ ముక్కలతో పిల్లలమర్రి, ఒక పక్క నీలం పట్టీగా కృష్ణానది, చుట్టూ మా అమ్మ కట్టి విడిచిన గద్వాల చీర అంచు. ప్రదర్శనలో పెడుతున్నారు. చీటీ మీద 'అతుకుల బొంత' అని రాస్తే మా అమ్మాయి 'చింకి దుప్పటి అన్నట్టుంది, పాలమూరు నుండి ప్రేరణ పొందిన క్విల్ట్ అని రాయి' అంటోంది. ఏది సరి? 'పాలమూరు బొంత' అనాలా, 'పాలమూరి బొంత' అనాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: బొంత అనే రాయండమ్మా. మీ అమ్మాయి అనుమానంలో తప్పు లేదు గాని, ఆ చెడ్డపేరు బొంత తెచ్చుకున్నది కాదు, మనం అంటగట్టింది. నాలుగు పార్టీలు కలిసి గద్దెనెక్కితే చాలు, 'అతుకుల బొంత ప్రభుత్వం' అని పత్రికలు రాస్తాయి. ప్రభుత్వాలు పడిపోయాయి, నింద మాత్రం బొంతకు మిగిలింది. 'గంతకు తగ్గ బొంత' అనే సామెతా అంతే. గంత అంటే బరువు మోసే పశువు వీపున వేసే జీనులాంటిది, దానికి సరిపడే మెత్త బొంత. ఎక్కడా తిట్టు లేదు. ఈడూ జోడూ చూసి మూతి విరిచేవాళ్ల నోట పడి వెటకారమైంది.

అతుకు, మాసిక ఒకటి కావు. చిరిగినచోట చిరుగు కప్పడానికి వేసేది మాసిక. రెండింటిని ఒకటి చేసేది అతుకు. మీ అమ్మాయికి వినపడుతున్నది మాసిక, మీరు వేసింది అతుకు. పైగా మీ దుప్పటికి అంచైన గద్వాల చీరే అతుకు మీద నిలిచింది కదా! ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ కలిపే పనితనానికే కుప్పడం అని పేరు. ఆ చీరను చూసి ఎవరూ చింకిదనరు.

మా నాయనమ్మ బొంత కుట్టేటప్పుడు మధ్యాహ్నం వసారాలో పాత చీరలు నాలుగు ఒకదానిమీద ఒకటి పరిచి, మూలలకు రాళ్లు పెట్టేది. సూదిని మధ్యమధ్య తలలో రుద్దుకునేది, నూనె అంటి సులువుగా దిగుతుందని. ఒక కొసనుంచి టాకాలు వేసుకుంటూ తానే బొంత మీదికి జరుగుతూ పోయేది. సాయంత్రానికి బొంత మధ్యలో ఆమె ఉండేది. ఆ పనికి మా ఇంట్లో ఉన్న మాట 'కుట్టడం' ఒక్కటే. 'రూపొందించడం' అప్పటికి మా ఊరు చేరలేదు.

రజాయి అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. హైదరాబాదులో చలికాలం వస్తే వినపడే మాట అది. దూది ఏకేవాళ్లు విల్లు మోగించుకుంటూ గల్లీల్లో తిరిగిన రోజులు చాలామందికి గుర్తే. అయితే రజాయికి ప్రాణం లోపలి దూది, బొంతకు ప్రాణం పైన కనపడే పాతబట్ట. మీరు లోపల పలచగా దూది పెట్టి ఉన్నా సరే, చూపిస్తున్నది అమ్మ చీరను. కాబట్టి బొంతే. క్విల్ట్ అంటే తప్పని కాదు, ఉన్న మాటను ఇంట్లో పెట్టి తాళం వేసి అరువు మాట తేవడం దేనికని.

ఇక 'పాలమూరు నుండి ప్రేరణ పొందిన'. ఇది తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లిషు. పాలమూరును తలచుకుని కుట్టాను, పాలమూరు మీద మమకారంతో కుట్టాను అంటాం. అసలు 'పాలమూరు బొంత' అన్న రెండు మాటల్లో అదంతా ఉంది.

'పాలమూరు' బొంతా, 'పాలమూరి' బొంతా అన్నది మంచి ప్రశ్న. విభక్తి చేరేముందు మాట చివర వచ్చే ఇ, టి, తి వర్ణాలను బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఔపవిభక్తికాలన్నాడు. ఊరు – ఊరికి, ఇల్లు – ఇంటికి, నేయి – నేతికి. ఆ లెక్కన పాలమూరి బొంత వ్యాకరణానికి నూటికి నూరుపాళ్లు ఒప్పు. కాని నాలుక దారి వేరు. గుంటూరు మిరపకాయ అంటాం గాని గుంటూరి మిరపకాయ అనం. నెల్లూరు చేపల పులుసూ అంతే. ఊరిపేరు సరుకుకు గుర్తుగా ముందు నిలిచినప్పుడు ఉకారం చెక్కుచెదరడం లేదు. ఇకారం ఇంటిపేర్లలో స్థిరపడింది: కందుకూరి వీరేశలింగం. అక్కడా ఒకే దారి లేదనుకోండి, గుంటూరు శేషేంద్రశర్మ ఉన్నాడు. 'పాలమూరి బొంత' అని రాస్తే పాలమూరి అనే ఇంటిపేరు వారింట్లోంచి అరువు తెచ్చిన బొంత అనుకునే ప్రమాదం ఉంది.

చీటీ మీద ఇలా రాయండి: 'పాలమూరు బొంత. నడుమ పిల్లలమర్రి, పక్కన కృష్ణ, అంచు మా అమ్మ గద్వాల చీరది.' కింద 'కుట్టింది' అని మీ పేరు. మహబూబ్‌నగర్ అని కూడా ఉండాలని నిర్వాహకులు పట్టుబడితే, అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద వచ్చిన పేరు, చిన్న అక్షరాల్లో వేసుకోమనండి.