పెన్షన్‌కు పదేళ్లు ఒకే కంపెనీలో చేయాలా?

ఎర్రగుంట్ల నుంచి ఒక తల్లి అడిగారు: "మా అబ్బాయి ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. 8 ఏళ్ల 9 నెలల సర్వీసు. బేసిక్, డీఏ కలిపి 16,000. పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీ నెలకు 6,000 ఎక్కువిస్తానంటోంది. పదేళ్లు నిండకుండా మానేస్తే పెన్షన్ పోతుందని వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు."

అమ్మా, మీవారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ ఆ పదేళ్లూ ఒకే కంపెనీలో చేయాలని ఎక్కడా లేదు. పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పెన్షన్ పథకం, అంటే 1995 నాటి ఈపీఎస్‌లో ఎన్ని కంపెనీలు మారినా సర్వీసు కలిపే లెక్కేస్తారు. పైగా చివర్లో ఆరు నెలలు నిండితే ఏడాది కిందే లెక్క. అంటే కొత్త చోట ఇంకో తొమ్మిది నెలలు చేస్తే తొమ్మిదిన్నరేళ్లయి, పదేళ్ల కింద జమవుతుంది.

ఇంతకీ ఆ పెన్షన్ ఎంతో చూడండి. జీతం ఎంతున్నా మామూలుగా 15,000 వరకే తీసుకుని, సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. పదేళ్లకు నెలకు సుమారు 2,143 రూపాయలు, అదీ 58 ఏళ్లు నిండాక. దీనికోసం ఇప్పటి 6,000 వదులుకోమని నేను చెప్పలేను. గది అద్దె, తిండి ఖర్చు పోగా ఆ 6,000లో మిగిలేదెంతో లెక్క వేసుకోండి. ఆఫర్ లెటర్ కంపెనీ పేరున ఉందా, కాంట్రాక్టరు పేరున ఉందా, పీఎఫ్ కడతారా అన్నదీ చూడండి.

నిజంగా నష్టపోయేది వేరే చోట. బైకు కొనాలనో, చెల్లెలి పెళ్లనో మానేశాక పీఎఫ్ తీసేస్తుంటారు. దాంతోపాటు ఫారం 10సి పెట్టి పెన్షన్ సొమ్ము కూడా తీసుకుంటే ఎనిమిదేళ్ల సర్వీసు సున్నా అయిపోతుంది. మీ అబ్బాయికి ఇంకో చిక్కుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 పైబడిన జీతంతో కొత్తగా చేరేవాళ్లను ఈపీఎస్‌లోకి తీసుకోవడం లేదు. ఇప్పుడు పెన్షన్ సొమ్ము తీసుకుని ఈపీఎస్ నుంచి బయటికొస్తే, ఆ జీతంతో మళ్లీ చేరే వీలుండదు.

అందుకే కొత్త కంపెనీలో పాత యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) ఇచ్చి పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ పెట్టమనండి. తర్వాత పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో సున్నా కనిపిస్తే టెన్షన్ పడొద్దు. అక్కడ సొమ్ము కదలదు, సర్వీసే కదులుతుంది.

ఐదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే సొమ్ము కూడా అడిగి తీసుకోవాలి. 8 ఏళ్ల 9 నెలలను తొమ్మిదేళ్లుగా లెక్కేసి దాదాపు 83,000 రావాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పీఎఫ్‌లో పొడి అక్షరంతో ఉంటే మాత్రం ఫ్యాక్టరీలో ఉండగానే సరిచేయించుకోమనండి. మానేశాక ఆ చిన్న పనికే ఎర్రగుంట్ల చుట్టూ తిరగాల్సి రావచ్చు.