టేబుల్‌టాప్ ఫాంటసీ గేమ్‌లు రాయడమే వృత్తిగా పెట్టుకోవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "ఫాంటసీ కథలు రాస్తాను. స్నేహితులకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తుంటాను. రోల్‌ప్లేయింగ్ గేమ్ డిజైనర్‌గా, రచయితగా బతకొచ్చా? ఉద్యోగం మానేసి దిగిపోవచ్చా?"

దిగండి, కానీ ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. నేను పన్నెండేళ్లుగా వేరే ఉద్యోగం చేసుకుంటూనే ఈ గేమ్‌లకు అడ్వెంచర్లు రాస్తున్నాను. ఈ గేమ్‌లలో కొందరు టేబుల్ చుట్టూ చేరి తలో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపిస్తారు, గేమ్ మాస్టర్ అనే ఒకరు వాళ్లను ఆడిస్తారు. ఆయన ముందు పెట్టుకుని ఆడించే కథ, గదులు, ప్రమాదాల వివరమే అడ్వెంచర్.

కథలు రాస్తానన్నారు కదా, మొదట్లో ఆ అలవాటే అడ్డొస్తుంది. కథలో మీ హీరో బావిలోకి దిగాలని మీరనుకుంటే దిగుతాడు. గేమ్‌లో దిగాలా వద్దా అన్నది ఆటగాళ్ల ఇష్టం. మీరు రాసేది ఇంకెవరో ముక్కూమొహం తెలియని మనిషి తన టేబుల్ దగ్గర ఆడించుకోవడానికి కావలసిన సరంజామా. వినడానికి తేలికే. నా చేతికి రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

నా మొదటి అడ్వెంచర్‌లో పాడుబడ్డ కోట, అందులో ఒక బావి గది ఉండేవి. ఆ బావి ఎవరు తవ్వించారు, ఏ రాణి అందులో పడి చనిపోయింది, శాపం ఎలా తగిలింది అని నాలుగు పేరాలు రాసి తెగ మురిసిపోయాను. నాకు పరిచయం లేని ఒక గేమ్ మాస్టర్‌కు ఇచ్చాను. ఆయన ఆడిస్తారు, నేను పక్కన కూర్చుంటాను, నోరు మాత్రం విప్పకూడదు. ఆయన రెండో పేరా చదువుతుండగానే ఒకమ్మాయి "తాడు పట్టుకుని దిగుతున్నా" అంది. ఆయన "ఒక్క నిమిషం" అని పేజీలో వెతకడం మొదలుపెట్టారు. నీళ్లలో ఏముందో నేను రాసింది నాలుగో పేరా చివరి వాక్యంలో. ఆయన వేలు ఒక్కో లైను మీదుగా కిందికి జారుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఈలోగా మిగతా ఇద్దరూ ఫోన్లు తీశారు.

ఇంటికి రాగానే ఆ గదిని తిరగరాశాను. ముందు కంటికి కనబడేవి: పగిలిన రాతి గట్టు, దానికి కట్టిన కొత్త తాడు. ఆ తర్వాత దిగితే ఏమవుతుంది, పైనుంచి రాయి వేస్తే ఏమవుతుంది. రాణి కథలో ఆటగాళ్లకు తెలిసే వీలున్న ముక్క ఒక్కటే ఉంచాను, నీళ్లలో దొరికే ఉంగరం. ఇప్పుడు ఏ టేబుల్ దగ్గర చూసినా "ఇంత పాత కోటలో కొత్త తాడేంటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వాళ్ల నోట పలికించడమే డిజైనర్ పని అని నా నమ్మకం.

ఇక ఈ రంగంలోకి ఎలా వస్తారన్నది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు మొదటి విడత వేసింది వెయ్యి పెట్టెలే. తర్వాత వచ్చినవాళ్లు ముందు ఏదో ఒకటి రాసి చూపించి వచ్చారు. ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు తమ అడ్వెంచర్లను మొదట సొంతంగా అచ్చేసుకున్నారు. వాటిని అప్పట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించే టీఎస్‌ఆర్ కంపెనీకి అమ్మబోతే, 1982లో ట్రేసీకి ఉద్యోగమే ఇచ్చారు. అక్కడ ఎడిటర్‌గా ఉన్న మార్గరెట్ వైస్‌తో కలిసి ఆయన రాసిన డ్రాగన్‌లాన్స్ నవలలు 1984 నుంచి గేమ్‌తో పాటే వచ్చాయి. నా మనసుకు దగ్గరైన మనిషి మాత్రం ఎడ్ గ్రీన్‌వుడ్. చిన్నప్పటి నుంచి అల్లుకుంటూ వచ్చిన ఫర్గాటెన్ రెల్మ్స్ లోకం గురించి డ్రాగన్ పత్రికకు ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారు. 1987లో టీఎస్‌ఆర్ దాన్ని గేమ్ సెట్‌గా తెచ్చింది. అంత పేరొచ్చాక కూడా కెనడాలో లైబ్రరీ ఉద్యోగం చేస్తూనే రాశారు. నాకు ధైర్యం వచ్చింది ఆయన్ని చూసే.

డబ్బు సంగతి. ఫ్రీలాన్స్ పని చాలావరకు పదానికి ఇంత అని ఉంటుంది. కాంట్రాక్టులో 'వర్క్ ఫర్ హైర్' అన్న మాట ఉంటే, మీరు పుట్టించిన పాత్రలు, ఊళ్లు, రాక్షసులు అన్నీ కంపెనీవే. నేను ఒక చిన్న ప్రచురణకర్తకు ఇరవై వేల పదాలు రాసిచ్చాను. పుస్తకం అచ్చయ్యాకే డబ్బు అన్న షరతును సరిగా చదవలేదు. పుస్తకం రానేలేదు, డబ్బూ రాలేదు. ఆ పాత్రలను ఇంకెక్కడా వాడుకునే హక్కు కూడా నాకు లేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇప్పుడైతే రాతప్రతి అందిన ముప్పై రోజుల్లో డబ్బు ఇస్తామని లేకపోతే సంతకం పెట్టను.

సొంతంగా అమ్ముకోవాలంటే ఇది మంచి కాలమే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ప్రాథమిక నియమాల పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోనిచ్చే లైసెన్స్ కిందకు వచ్చింది. అందులో చెప్పిన క్రెడిట్ లైను వేస్తే చాలు, ఆ నియమాలతో మీరు రాసింది అమ్ముకోవచ్చు. ఫర్గాటెన్ రెల్మ్స్ లాంటి లోకాలు మాత్రం అందులో రావు. అవి కావాలంటే డంజన్ మాస్టర్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఉంది. అక్కడ అమ్మకంలో సగం మీకొస్తుంది, కానీ ఆ రచనను తీసుకెళ్లి ఇంకోచోట అమ్మడానికి లేదు. అందుకే మీ సొంత లోకాన్ని అక్కడ పెట్టకండి.

మొదటిది చిన్నదిగా రాయండి. నాలుగు గదులు, ఒక్క సాయంత్రంలో అయిపోయేంత. మీ స్నేహితులతో కాకుండా మీరెవరో తెలియని గేమ్ మాస్టర్‌తో ఆడించండి. ఆయన పేజీ వెనక్కి తిప్పిన ప్రతిచోటా మీ కాపీలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నా బావి గది ఒక్కదానికే అలాంటి గీతలు పదకొండు పడ్డాయి.