వచ్చు, రాదు, సున్నా: ఆటపుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ రాతప్రతి నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. అంతరిక్ష నౌకల అధ్యాయం రెండుసార్లు చదివాను, హాయిగా ఉంది. ఇక నువ్వు అడిగిన సంగతి. నీది ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలతో గెలుపోటములు తేల్చుకుంటూ కథ నడిపే ఆట. అందులో యంత్రవిద్య అనే నైపుణ్యం ఉన్నవాడి పాచికల మొత్తానికి స్థాయికి ఒకటి చొప్పున కలపమని 12వ పేజీలో, రెండు చొప్పున కలపమని 31వ పేజీలో రాశావు. ఏది ఉంచాలని అడిగావు. ఇప్పుడే దేన్నీ కొట్టివేయకు. ఆ తొందరలోనే నేనొక పుస్తకం పాడుచేసుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి ఆటకే ఒక అనుబంధం రాశాను. అందులో వైద్యానికి రెండు చోట్ల రెండు లెక్కలు పడ్డాయి. ఆడేవాళ్లు పట్టుకుని ఉత్తరాలు రాస్తే, సిగ్గుపడి పెద్ద లెక్కను చిన్నదానికి సరిపెట్టి, దిద్దుబాటు చీటీలు అచ్చువేయించి ప్రతి పుస్తకంలోనూ పెట్టించాను. నెల తిరగకముందే అసలు విషయం గుర్తొచ్చింది. పెద్ద లెక్క అన్ని పరికరాలూ ఉన్న చికిత్స గదికి, చిన్నది కూలిన నౌకలో రక్తం కారుతున్న మనిషికి. రాసేటప్పుడు ఆ తేడా నా బుర్రలో ఉంది, కాగితం మీదికి రాలేదు. నా చీటీ పుణ్యమా అని చికిత్స గది ఉన్నా లేకపోయినా ఒకటే అయింది. కోలుకునే రోజుల పట్టిక కూడా దాంతోపాటే చెడింది. ఆ చీటీల కట్ట ఒకటి ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

కాబట్టి రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తే, అది చెయ్యి జారడమా, లేక ఆ తేడా ఏదైనా చెబుతోందా అన్నది ముందు తేల్చుకో. ఇందుకు ట్రావెలర్ అనే అంతరిక్ష పాత్రల ఆట పాత పుస్తకాలను మించిన పాఠం నాకు తెలియదు. 1977లో ఇల్లినాయ్‌లోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ వేసిన మూడు చిన్న నల్ల పుస్తకాలు అవి. రూపకర్త మార్క్ మిల్లర్. రెండు పాచికలు వేసి మొత్తం చూస్తారు. ఇప్పటి ఆటల్లోలాగా అన్ని నైపుణ్యాలకూ ఒకే కొలబద్ద ఉండదు. ఒక్కో నైపుణ్యం తన లెక్క తనే చెప్పుకుంటుంది.

గాలి లేని చోట తొడుక్కునే వ్యాక్ సూట్ సంగతి చూడు. ఆ సూటుతో పరిగెత్తడం, దూకడం లాంటివి చేస్తే ప్రమాదం తప్పించుకోవడానికి 10 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి. స్థాయికి 4 కలుపుతారు. ఏమీ కలవకపోతే పాచికలు పడే 36 తీర్లలో 6 మాత్రమే అతన్ని కాపాడతాయి. ఒక్క స్థాయి ఉంటే 26. రెండు స్థాయిలుంటే పాచికలు వెయ్యనే అక్కర్లేదు. అదే వీధుల లోగుట్టు తెలిసిన స్ట్రీట్‌వైజ్‌లో స్థాయికి కలిసేది 1, అసలు రాకపోతే పోయేది 5. ఊరుకాని ఊళ్లో దొంగసరుకు ఎక్కడ దొరుకుతుందని కొత్తవాడు అడిగితే తలుపు మొహం మీదే మూస్తారు. కాస్త తెలిసినవాడికి తెరుస్తారు. ఆపైన ఎంత తెలిసినా లాభం మెల్లగానే పెరుగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, 4 ఎందుకు, 1 ఎందుకు, రెండూ ఒకటి చేద్దామంటే ఆ మనుషులిద్దరూ ఒకే మనిషైపోతారు.

నిజమైన తగువు కూడా అదే ఆటలో ఉంది. ఆట మొదలయ్యే ముందు పాత్ర గతంలో చేసిన కొలువును నాలుగేళ్ల విడతలుగా లెక్కిస్తారు. మొదటి పుస్తకం ప్రకారం సైన్యంలో మొదటి విడతకు రెండు నైపుణ్యాలు, తర్వాతి విడతలకు ఒక్కొక్కటి, అధికారి అయితే ఒకటి, పదోన్నతికి ఒకటి. తర్వాత అదే ఆటకు 1978లో మెర్సినరీ, 1979లో హై గార్డ్ అనే పుస్తకాలు వచ్చాయి. వాటిలో కొలువును ఏడాదికేడాది విడగొట్టి, ప్రతి ఏటా ఏ పని మీద పంపారో పాచికలతో తేలుస్తారు. ప్రతి ఏటా ఏదో ఒకటి నేర్చుకునే అవకాశం ఉంటుంది. ఒకే సైన్యం, అదే నాలుగేళ్లు. ఒకడు గుప్పెడు నైపుణ్యాలతో వస్తాడు, రెండోవాడు బస్తాతో వస్తాడు. ఇద్దరూ ఒకే నౌకలో ఎక్కితే మొదటివాడు సామాన్లు మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాడు. ఈ తేడా మనకు సైన్యం గురించి ఏమీ చెప్పడం లేదు, ఏ పుస్తకం తెరిచామో చెబుతోంది. ఇలాంటిదాన్ని నిర్దాక్షిణ్యంగా దిద్దాలి. మా బల్ల దగ్గర నేను చేసింది మొరటు పని: ఒక ఆటలో అందరి పాత్రలూ ఒకే పద్ధతిలో పుట్టాలన్నాను. ఇంతకన్నా సొగసైన ఉపాయం నాకు తట్టలేదు.

ఇక నీ ప్రతిలో నన్ను నిజంగా భయపెట్టింది యంత్రవిద్య కాదు, సున్నా. 9వ పేజీలో స్థాయి సున్నా అంటే ప్రాథమిక శిక్షణ ఉన్నట్టు అన్నావు. 22వ పేజీలో పాత్ర చీటీలో ఖాళీ గడిని సున్నాగా లెక్కించమన్నావు. అంటే నీ విశ్వంలో పుట్టిన ప్రతివాడికీ నౌక నడపడం వచ్చు! ఈత వచ్చు, వీణ వచ్చు, కన్నడం రాదు అంటాం. విద్య మనిషి దగ్గరికి రావాలి. వచ్చాక ఎంత అన్నది తర్వాతి మాట. సున్నా అంటే వచ్చు, అంతంతమాత్రం. ఖాళీ గడి అంటే రాదు. ఈ రెండు మాటలే నియమంలో వాడు, పారిభాషిక పదాలు వెతుక్కోకు.

ఏ పనికైనా కాస్త చెయ్యి వేయగల ‘జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్’ నైపుణ్యం చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. పాత పుస్తకాల్లో ఆ నైపుణ్యాన్ని చాలావరకు ఆట నడిపే రిఫరీ విచక్షణకు వదిలేశారు. 2008లో మాంగూస్ సంస్థ వేసిన ట్రావెలర్‌లో మాత్రం చక్కగా ముడి విప్పారు. 8 లేదా అంతకన్నా ఎక్కువ పడితే గెలుపు, పని అసలు రానివాడికి 3 తగ్గుతుంది, ఈ నైపుణ్యం స్థాయికి ఒకటి చొప్పున ఆ తగ్గింపును చెరిపేస్తుంది. మిగతా లెక్కలు పక్కన పెడితే, రానివాడి గెలుపు 36లో 3. ఒక స్థాయికి 6, రెండింటికి 10, మూడింటికి 15. సున్నా స్థాయి ఉన్నవాడికీ సరిగ్గా 15. అంటే ఇతను ఎంత ఎదిగినా అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాడే. నువ్వు అతనికి సకలకళావల్లభుడు అని పేరు పెట్టావు! ఆ పేరు చూసి ఏ ఆటగాడైనా అదనంగా రెండు కలపమని పోట్లాడతాడు, న్యాయంగానే పోట్లాడతాడు. నియమం ఒకటి చెబుతూ పేరు ఇంకొకటి చెబితే బల్ల దగ్గర పేరే గెలుస్తుంది. ‘అన్నిట్లో చెయ్యి’ అంటే చాలదూ?

రెండు నియమాలు ఢీకొంటే తర్వాతిదే చెల్లుతుందని పాణిని పెట్టిన సూత్రాన్ని నువ్వు ముందుమాటలో వాడుకున్నావు. ముచ్చటేసింది, కానీ తీసెయ్యి. ఆయన ఆ సూత్రాన్ని దృష్టిలో పెట్టుకునే మిగతావి వరుసలో పేర్చాడు. నీ అధ్యాయాల వరుస నువ్వు ఏ నెలలో ఏది రాశావన్న దాన్నిబట్టి వచ్చింది. దాని బదులు, ప్రత్యేక సందర్భానికి రాసింది సాధారణ నియమాన్ని తోసిపుచ్చుతుందని చెప్పు. అలాగే నువ్వు పదకొండు చోట్ల రాసిన ‘రిఫరీ ఇష్టం’. మన వ్యాకరణాల్లో ‘బహుళం’ అనే మాట ఉంది చూశావా, ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, ఇంకోచోట మరోలా అవుతుంది. వ్యాకర్తకు అది అవసరం, భాష ముందే ఉంది కాబట్టి. నీ ఆటను నువ్వే పుట్టిస్తున్నావు. మూడు చోట్ల ఉంచి ఎనిమిది చోట్ల తేల్చి రాయి.

అన్నీ ఒకే కొలబద్దకు తెస్తే పీడ పోతుందని కూడా అనుకోకు. 1987లో మెగాట్రావెలర్ ఆ పనే చేసింది. గెలవడానికి పడాల్సిన మొత్తం సులువు పనికి 3, మామూలుకు 7, కష్టానికి 11, మహాకష్టానికి 15. చక్కని నిచ్చెనే. అయినా ఆ పుస్తకాలకు వచ్చినన్ని తప్పొప్పుల పట్టికలు ట్రావెలర్ చరిత్రలో తక్కువ. నిచ్చెన బాగుంటే సరిపోదు, ప్రతి పాత మెట్టునూ దాని మీదికి మార్చాలి కదా.

నీ యంత్రవిద్య సంగతి ఇలా చెయ్యి. ఆ మాట, దాని మారుపేర్లు ప్రతిలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఆ వాక్యాలన్నీ ఒకే కాగితం మీద ఎత్తి రాసుకో. 17వ పేజీలో దాన్నే ‘మరమ్మతు’ అన్నావు, గమనించావా? ఆ కాగితం చదివితే, 31వ పేజీలోని రెండు నౌక ఇంజన్ గదికి మాత్రమే అని నీకే తోస్తుందని నా అనుమానం. అలాగైతే రెండూ ఉండనీ, ఇంజన్ గది అని ఒక్క మాట చేర్చు. కాకపోతే ఒకటి ఉంచు. ఇప్పటికే నీ ఆట ఆడుతున్న స్నేహితుల పాత్ర చీటీల్లో మాత్రం ఏదీ తగ్గించకు, వాళ్ల కథలు వాటి మీదే నడిచాయి.

ప్రతి రేపు పోస్టు చేస్తాను. పెన్సిలు గీతలు చెరిపెయ్యవచ్చు, 22వ పేజీలో ఎర్రసిరాతో రాసింది మాత్రం చెరగదు, ఏమీ అనుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు