చెరువుల పటం డేటాబేస్‌లోకి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నెల్లూరు, ప్రకాశం జిల్లాల చెరువులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత పటం) నుంచి పటాల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లోకి ఎక్కించాలని దేశం మొత్తం ఫైలు దించుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ, ఖాళీ జాగా 70 జీబీ. ఒక గైడులో చూసి, ఎక్కించే ప్రోగ్రాం ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్‌కు స్లిమ్, ఫ్లాట్ నోడ్స్ ఆప్షన్లు రెండూ ఇచ్చాను. సగంలోనే డిస్కు నిండి ఆగిపోయింది.
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: జాగా తినేసింది ఫ్లాట్ నోడ్స్ ఫైలు, అంటే నోడ్‌ల (పటంలోని బిందువుల) స్థానాలు దాచే ఫైలు. దాని సైజుకు మీరు ఎక్కించే ప్రాంతంతో పనిలేదు. అందులో ఉన్న అన్నిటికంటే పెద్ద నోడ్ నంబరును 8 బైట్లతో హెచ్చవేస్తే వచ్చేదే దాని సైజు. నోడ్ నంబర్లు వెయ్యి కోట్లు ఎప్పుడో దాటాయి కనుక 80 జీబీ పైమాటే. ఒక్క మండలం ఎక్కించినా అంతే. అది ప్రపంచం మొత్తాన్ని ఎక్కించేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు, తీసేయండి.

దేశం ఫైలూ అక్కర్లేదు. జియోఫాబ్రిక్ సైటులో సదరన్ జోన్ (దక్షిణ రాష్ట్రాల) పీబీఎఫ్ ఫైలు విడిగా దొరుకుతుంది. దాన్ని ముందు ఆస్మియం ప్రోగ్రాంలోని ఎక్స్‌ట్రాక్ట్ కమాండుతో మీ ప్రాంతం మేరకు కోసి, తర్వాత ఎక్కించండి. కోసే పెట్టె కొలతలు డిగ్రీల్లో పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం వరసలో ఇవ్వాలి: 78.5, 13.4, 80.5, 16.4. రెండు జిల్లాలూ ఇందులో పడతాయి. అక్షాంశం ముందు రాశారంటే పెట్టె ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ మీదికి పోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఖాళీ ఫైలు చేతికొస్తుంది.

కోసేటప్పుడు స్ట్రాటజీ స్మార్ట్ అని తప్పనిసరిగా ఇవ్వండి. సోమశిల, కండలేరు లాంటి పెద్ద జలాశయాల గట్టు రేఖ చాలాసార్లు అనేక ముక్కలుగా ఉండి, ఒక మల్టీపాలిగాన్ రిలేషన్ (ముక్కలను ఒకే ఆకారంగా కట్టే జాబితా) కింద చేరుతుంది. మామూలు పద్ధతిలో పెట్టెకు పూర్తిగా బయట ఉన్న ముక్కలు రావు. వలయం మూసుకోకపోతే ఓఎస్ఎం2పీజీఎస్‌క్యూఎల్ ఆ పాలిగాన్‌ను వదిలేస్తుంది. చిన్న కుంటలన్నీ వచ్చి పెద్ద చెరువొక్కటే మాయమైందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

స్లిమ్ కూడా మానేయొచ్చు. ఇంత చిన్న డేటాకు, రోజువారీ మార్పులు కలుపుకోవాలంటేనే దాని అవసరం. రెండు జిల్లాల డేటాకు నెలకోసారి కొత్త ఫైలు దించి మొదటి నుంచి ఎక్కించుకోవడమే తేలిక. ఎక్కించే ముందు డేటాబేస్‌లో పోస్ట్‌జీఐఎస్, హెచ్‌స్టోర్ ఎక్స్‌టెన్షన్లు రెండూ సృష్టించుకోండి. రెండోది ఎందుకో చివరి జవాబులో ఉంది.

ప్రశ్న: ఎక్కించాక పట్టికలో వచ్చిన వే ఏరియా కాలమ్‌లోని విస్తీర్ణాన్ని ఎకరాల్లోకి మారిస్తే ప్రతి చెరువూ ఎక్కువే చూపిస్తోంది. ఎక్కడో లెక్క తప్పిందా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లెక్క సరైనదే, కొలబద్ద వేరు. ఏ ప్రొజెక్షనూ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) చెప్పకపోతే డేటా వెబ్ మెర్కేటర్‌లో, అంటే ఈపీఎస్‌జీ 3857లో పడుతుంది. భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ అది సాగుతుంది. నెల్లూరు దగ్గర విస్తీర్ణం దాదాపు 7 శాతం, ఒంగోలు దగ్గర దాదాపు 8 శాతం పెరిగి కనబడుతుంది. 100 ఎకరాల చెరువు మీ దగ్గర 107 దాటుతుంది.

వే ఏరియాను పక్కనపెట్టి, జామెట్రీని (చెరువు ఆకారాన్ని) ఈపీఎస్‌జీ 32644కు ట్రాన్స్‌ఫార్మ్ చేసి కొలవండి. అది యూటీఎం 44 ఉత్తర మండలం, రెండు జిల్లాలూ అందులోనే ఉంటాయి. చదరపు మీటర్లను 4046.86తో భాగిస్తే ఎకరాలు. అయితే వెతికే క్వెరీలోని వేర్ షరతులో మాత్రం పట్టికలోని జామెట్రీని ట్రాన్స్‌ఫార్మ్ చేయకండి, ఇండెక్స్ పనిచేయదు. మీరు వెతికే బిందువునో గీతనో 3857కు మార్చి ఇవ్వండి.

ఇంత చేసినా రెవెన్యూ రికార్డుతో అచ్చంగా కలవాలని లేదు. పటం గీసినవాళ్లు ఉపగ్రహ చిత్రంలో ఆ రోజు కనబడిన నీటి అంచును గీసి ఉండొచ్చు. వేసవి చిత్రమైతే అది పూర్తి నీటిమట్టం కంటే బాగా లోపలికి ఉంటుంది. సరిహద్దు వివాదానికి ఈ అంకె ఆధారం కాదు.

ప్రశ్న: తెలుగు పేర్లు ఒక్కటీ రాలేదు. మళ్లీ ఎక్కించాలా?
— ఒక విద్యార్థి, కందుకూరు

జవాబు: ఎక్కించాల్సిందే. ఏయే కాలమ్‌లు రావాలో చెప్పే డిఫాల్ట్ స్టైల్ ఫైలులో 'నేమ్' కాలమ్ ఉంది కానీ తెలుగు పేరుండే 'నేమ్:టీఈ' లేదు. హెచ్‌స్టోర్ ఆప్షన్ ఇవ్వకపోతే కాలమ్ లేని ట్యాగులు (పటంలో రాసిన వివరాలు) ఎక్కించేటప్పుడే రాలిపోతాయి. ఇస్తే ట్యాగ్స్ కాలమ్‌లో చేరతాయి. అప్పుడూ అన్ని ఊళ్లకూ తెలుగు పేరు దొరకదు, ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా. క్వెరీలో కోలెస్ ఫంక్షన్‌తో తెలుగు పేరును ముందు, లేకపోతే 'నేమ్'ను తీసుకోండి. పేరు ఉండి కూడా, పటాలు చూసే క్యూజీఐఎస్‌లో డబ్బాలుగా కనబడితే అది ఫాంటు సమస్య, నోటో సాన్స్ తెలుగు పెట్టండి.

మీది కందుకూరు కాబట్టి ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతికి వెళ్లాయి. జిల్లా సరిహద్దు అడ్మిన్ లెవెల్ 5 అనే ట్యాగుతో దొరుకుతుంది. పాత ఫైలులో పాత గీతే ఉంటుంది కనుక, జిల్లాలవారీగా లెక్క తీసే ముందు మీ ఊరు ఏ గీత లోపల పడిందో చూసుకోండి.