ముందు వంటింటి తాళం సంగతి

తల్లీ,

వచ్చే నెల నుంచి హోమ్ బాధ్యత నీదేనని ఫోన్లో చెప్పావు, గర్భంతో ఉన్న చిన్నపిల్లలకి ఏం పెట్టాలో చార్ట్ రాసి పంపమన్నావు. చార్ట్ ఏ డాక్టరమ్మని అడిగినా ఇస్తుంది, గోడకి అతికించుకో. నేను మాత్రం ముందు వంటింటి తాళం సంగతి రాస్తాను, నేను బాగా సిగ్గుపడ్డ తప్పు అదే కాబట్టి.

నేను చేరిన కొత్తలో రాత్రి 8 గంటలకి భోజనాలు అయిపోగానే వంటింటికి తాళం వేసి, చెవి నా సంచిలో పడేసుకునేదాన్ని. సరుకులకి లెక్క చెప్పాలి కదా, ఆ భయం. ఒకరోజు పక్కలు దులుపుతుంటే ఒక పదహారేళ్ల పిల్ల దిండు గలేబులోంచి సుద్దముక్కలు రాలాయి. సగం కొరికినవి, పంటిగాట్లు కూడా కనబడుతున్నాయి. అందరి ముందూ ఆ పిల్లని తిట్టేశాను. పిల్ల ఒక్క మాట అనలేదు, కింద పడ్డ ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయింది. వారం తర్వాత రక్తపరీక్ష కాగితం వచ్చింది, హిమోగ్లోబిన్ 7 దగ్గరుంది. గర్భిణికి మామూలుగా 11 ఉండాలి. సుద్ద, మట్టి, ఐసుగడ్డలు నమలాలనిపించడం చాలాసార్లు ఐరన్ తగ్గిందనడానికి గుర్తు, నేను దాన్ని చెడ్డ అలవాటు కింద జమకట్టి తిట్టాను. పైగా రాత్రి 8కి తిన్న పిల్లకి మళ్లీ పొద్దున 8కి గానీ ఏమీ దొరకదు. కడుపుతో ఉన్న పిల్లని పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో పడుకోబెట్టి, సరుకుల పుస్తకం మాత్రం తప్పు లేకుండా రాసుకున్నానన్నమాట.

మర్నాడే తాళం తీసేశాను. ఒక అర వాళ్లకే వదిలేశాను, పండ్లు, వేయించిన గింజలు, బిస్కెట్లు, ఫ్రిజ్‌లో పెరుగు, ఉడికించిన గుడ్లు. ఎప్పుడైనా తీసుకోవచ్చు, అడగక్కర్లేదు, పుస్తకంలో రాయక్కర్లేదు. మొదటి వారం సరుకులు మాయమైపోయాయి, వంటామె నన్ను తినేసేలా చూసింది. మూడో వారానికి అంతా సర్దుకుంది. రేపటి తిండి ఉంటుందో లేదో తెలియని ఇళ్లలోంచి వచ్చిన పిల్లలు మొదట దాచుకుంటారమ్మా. దిండు కింద బిస్కెట్లు కనబడితే చూడనట్టు ఊరుకో. చీమలు పడుతుంటే మూతున్న డబ్బా ఒకటి ఇవ్వు, అంతే.

ఇక తిండి. పెద్దవాళ్ల గర్భానికీ వీళ్ల గర్భానికీ తేడా ఏమిటంటే, ఆ పిల్ల ఒళ్లు కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఎముక గట్టిపడుతూ ఉంటుంది, కొందరైతే ఇంకా పొడుగవుతూ ఉంటారు. లోపలి బిడ్డ ఒకవైపు, ఎదిగే ఒళ్లు ఒకవైపు, ఇద్దరూ ఒకే కంచం మీద ఆధారపడ్డారు. అందుకే కొందరు పిల్లలు బరువు బాగానే పెరిగినా బిడ్డ చిన్నగా పుడుతుంది. రెండున్నర కిలోల లోపు పుట్టే బిడ్డలు, 37 వారాలు నిండకుండా వచ్చేసే బిడ్డలు ఈ వయసు తల్లులకి ఎక్కువ. కాల్షియం పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు చాలంటే వీళ్లకి 1300 కావాలి, అందుకే పాలు, పెరుగు దగ్గర పిసినారితనం చెయ్యకు. గుడ్డో, చేపో, మాంసమో, అవి తినని పిల్లకి పప్పులూ గింజలూ, ఏదో ఒకటి ప్రతి పూటా కంచంలో ఉండాలి. ‘ఇద్దరి తిండి తినాలి’ అని మాత్రం బలవంతంగా తినిపించకు. నాలుగో నెల నుంచి అదనంగా కావాల్సింది రోజుకి ఓ 340 క్యాలరీలు, చివరి మూడు నెలల్లో 450, అంటే ఒక చిన్న పూట భోజనం. మామూలు బరువున్న పిల్ల మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు పెరగాలి, బక్కపిల్లయితే 12.5 నుంచి 18. ఈ లెక్క నీకు. పిల్లకి చెప్పి టెన్షన్ పెట్టకు.

ఎందుకంటే చాలామంది మన దగ్గరికి వచ్చేటప్పటికే నాలుగైదు నెలలు తినకుండా దాచుకుని వచ్చుంటారు. కడుపు కనబడకూడదని పస్తులున్నవాళ్లూ, గుడ్డ బిగించి కట్టుకున్నవాళ్లూ ఉంటారు. అలాంటి పిల్లని హాల్లో మెషీన్ ఎక్కించి అంకె పైకి చదివితే ఆ రాత్రి అన్నం మానేస్తుంది. గదిలో, తలుపు వేసి, ఒక్కొక్కరినే చూడు. ఫోలిక్ యాసిడ్ విషయంలో కూడా ఇంతే. బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే నాళం మొదటి నెలలోనే మూసుకుంటుంది, అది సరిగ్గా మూసుకోవడానికి సాయపడే విటమిన్ ఇది, ఐదో నెలలో వచ్చిన పిల్లకి ‘ముందే వేసుకోవాల్సింది’ అని చెప్పి నువ్వు సాధించేది ఏమీ లేదు, దిగులు తప్ప. రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర ఇప్పటి నుంచైనా వెయ్యి, ఆ మాట ఎత్తకు.

ఐరన్ మాత్రలు కిటికీలోంచి పడేస్తారు. మా హోమ్ వెనక పూలకుండీల్లో నాకు దొరికినన్ని ఇంకెక్కడా దొరకలేదు. తిట్టే ముందు కారణం అడుగు. వికారం, మలబద్ధకం, విరేచనం నల్లగా రావడం, వీటిని చూసి హడలిపోతారు, లోపల ఏదో అయిపోతోందనుకుంటారు. నల్లగా వస్తుందని మొదటి మాత్రకి ముందే చెప్తే సగం గొడవ వదిలిపోతుంది. వికారం ఉన్న పిల్లకి రాత్రి తిన్నాక పడుకోబోయే ముందు ఇవ్వు. నిమ్మరసంతోనో పుల్లటి పండుతోనో ఇస్తే ఐరన్ బాగా వంటబడుతుంది, టీ, కాఫీలతో వేసుకుంటే వృథా. కాల్షియం మాత్ర వేరే పూట, రెండూ కలిపి మింగించకు. మామూలుగా రోజుకి 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ ఇస్తారు, రక్తం బాగా తక్కువున్న పిల్లకి ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

వాంతుల పిల్లకి మంచం పక్కనే పొడి బిస్కెట్ పెట్టి, లేవకముందే నమలమను. మూడు పెద్ద పూటల కంటే ఆరు చిన్న పూటలు నయం. పోపు వాసనకే పరుగెత్తే పిల్ల ఉంటే ఆ గంట తనని బయట కూర్చోబెట్టు. ఇది తినకూడదు అది తినకూడదని వచ్చినవాళ్లంతా ఒక జాబితా చదువుతారు, అవన్నీ వింటే ఆ పిల్లకి మంచినీళ్లే మిగుల్తాయి. నిజంగా వద్దనాల్సినవి కొన్నే. మద్యం, పొగాకు, కాచని పాలు, సరిగ్గా ఉడకని గుడ్లూ మాంసమూ. వారంలో రెండు రోజులు ఏం వండాలో వాళ్లనే తేల్చుకోమను, ఓపికున్నవాళ్లని వండమను కూడా. మా దగ్గర ఎవరు వండినా ముట్టని ఒక పిల్ల, తను వండిన రోజు మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

ఇప్పుడు ఉండే చోటు గురించి, ఇది తిండికి వేరే విషయం అనుకోకు. ఒక పిల్ల ఉన్నట్టుండి నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. వికారమనుకున్నాను, మాత్ర మార్పించాను. తీరా చూస్తే, ఆ ముందు ఆదివారం పండ్లబుట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చిన బంధువుని నేనే మర్యాదగా లోపల కూర్చోబెట్టాను. ఆ పిల్ల భయపడేది ఆ మనిషికే. అప్పటి నుంచి ఎవరు రావచ్చో పిల్లే చెప్తుంది, ఆ పేర్లే గేటు దగ్గర ఉంటాయి. మిగతావాళ్లు ఎంత దగ్గరవాళ్లమని చెప్పినా గేటు బయటే.

మొదటి రాత్రి ప్రశ్నలు వద్దు. ‘ఎవరు, ఎలా జరిగింది’ అన్నది కంచం ముందు ఎప్పటికీ అడగకు. బాత్రూమ్ ఎక్కడో, లైట్ స్విచ్ ఎక్కడో చూపించు, రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తుంది కాబట్టి దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. పై మంచం ఇవ్వకు. ఏడో నెల దాటాక పక్కకి తిరిగి పడుకోమను, వీపు వెనక ఇంకో దిండు ఇవ్వు. బట్టల బీరువాకి తాళంచెవి ఆ పిల్ల చేతిలోనే పెట్టు. చాలామందికి సొంతంగా ఒక తాళంచెవి ఉండటం అదే మొదటిసారి. ఇకపోతే, పిల్ల మైనరైతే నువ్వు ఎవరికి తెలియజేయాలో, ఎంత గడువులోపు తెలియజేయాలో చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మొదటి పిల్ల రాకముందే వకీలుతో కూర్చుని తెలుసుకో. నీ దగ్గర దాగేదేదో, దాగనిదేదో పిల్లకి ముందే చెప్పెయ్యి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చి తర్వాత చెప్పావో, ఇక ఆ పిల్ల నీ మొహం చూడదు.

ఆసుపత్రికి ఒంటరిగా పంపకు. పరీక్షలు మొత్తం కనీసం 8 సార్లు జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన పిల్లలు ఆలస్యంగా వస్తారు కాబట్టి మిగిలినవాటిలో ఒక్కటీ పోకూడదు. వరసలో నిలబడ్డప్పుడు ఎవరో ఒకరు ‘ఈ వయసుకేనా’ అంటారు, తెల్లకోటు వేసుకున్నవాళ్లే అనడం నేను విన్నాను. ఆ పిల్ల తల దించుకునేలోపు నువ్వు మాట్లాడాలి, అందుకే వెంట వెళ్లడం. ప్రతిసారీ బీపీ చూశారో లేదో కనుక్కో, గుర్రపువాతం, అంటే గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఈ వయసు తల్లుల్లో ఎక్కువ. తగ్గని తలనొప్పి, చూపు మసకలు, మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం, ఇందులో ఏది కనబడినా ఎంత రాత్రయినా బండి ఎక్కించాల్సిందే. నా దగ్గర రాత్రి డ్యూటీ అమ్మాయి ఒకసారి, నేను ఫోన్ ఎత్తట్లేదని అరగంట ఆగింది. తల్లీబిడ్డా దక్కారు, అది మా అదృష్టం. అనుమతి అడగక్కర్లేదని, వెంటనే బయల్దేరమని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు.

కాన్పయ్యాక నెల తిరక్కుండా మంచం ఖాళీ చేయించే హోమ్‌లు ఉన్నాయి, నువ్వు అలా చెయ్యకు. పాలిచ్చే తల్లికి ఆకలి కడుపుతో ఉన్నప్పటికంటే ఎక్కువ. బిడ్డని పెంచుకుంటుందా లేదా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి, పెంచుకుంటే ఆరు నెలలు తల్లిపాలే చాలు. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ వంక చూడకపోతే, డాక్టరుకి చూపించు, ‘అదే సర్దుకుంటుంది’ అనకు. మళ్లీ గర్భానికి కనీసం 24 నెలలు ఎడం ఉండాలి, ఆ మాటలు కాన్పుకి ముందే మాట్లాడుకోవాలి, ఆ తర్వాత నిద్రలేక తూలుతున్న పిల్లకి ఏమీ ఎక్కదు. చదువు ఆగిపోయినవాళ్లకి ఒక బల్ల, ఒక లైటు, పరీక్ష ఫీజు కట్టే మనిషి ఉంటే చాలామంది రాసేస్తారు. పరీక్ష రోజున బిడ్డని ఎవరు ఎత్తుకుంటారో ముందే తేల్చుకో, మా దగ్గర వంటామె ఎత్తుకునేది, అదే, నన్ను తినేసేలా చూసిన ఆవిడే.

వెళ్లిన రోజే వంటింటి తలుపు చూడు. బరువు మెషీన్ ఇప్పటికీ హాల్లోనే ఉందని విన్నాను, అదీ తీయించి లోపల గదిలో పెట్టించు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.