ఇంజిన్ రీబిల్డ్‌లో డబ్బు ముందు దేనికి: పేరున్న పార్టులకా, మెషిన్ పనికా?

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌ను మీరు విప్పారు. ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకోవాలి, తరువాత టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) కూడా పెట్టాలని ఉంది, చేతిలో డబ్బు మాత్రం పరిమితం. ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి మలచిన) పిస్టన్లు, వాటిని క్రాంక్‌కు కలిపే రాడ్లు మంచి కంపెనీవి కొని, బోరింగ్ (సిలిండర్ రంధ్రాన్ని పెద్దది చేయడం), హోనింగ్ (దాని గోడను రాయితో రుద్ది సైజుకు తేవడం) వంటి మెషిన్ పనులు తక్కువలో చేయించుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. తగ్గించుకోక తప్పకపోతే పార్టుల్లో తగ్గించుకోండి, మెషిన్ పనిలో వద్దు. ఇంజిన్లు బిగించే పనిలో చాలాకాలంగా ఉన్నాను. పగిలిన పిస్టన్‌నో, కాలిన బేరింగునో పట్టుకొని కారణం వెతికితే, చాలాసార్లు తేలేది ఒకటే: పార్టు మంచిదే, అది కూర్చున్న చోటు కొలతే తప్పు.

అందుకే ముందు పార్టులు కొనకండి. బ్లాకును శుభ్రంగా కడిగించి పగుళ్లు ఉన్నాయేమో చూపించండి. ఇనుప బ్లాకు, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), రాడ్లయితే అయస్కాంత పొడితో, సిలిండర్ల పైమూత అయిన అల్యూమినియం హెడ్డయితే రంగు ద్రవంతో పరీక్షిస్తారు. టర్బో ఆలోచన ఉంది కాబట్టి, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) పెంచే ముందు సిలిండర్ గోడల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో చూడటం అవసరం. పోత పోసినప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగితే గోడ ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా వస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. అసలు సైజు కన్నా ఎంత పెద్ద సైజు (ఓవర్ సైజు) వరకు వెళ్లవచ్చో తెలిశాకే పిస్టన్లు తెప్పించండి. పిస్టన్లు చేతికి వచ్చాక, ఒక్కొక్కదాన్ని కొలిచి దాని సిలిండర్‌ను దానికి తగ్గట్టు హోనింగ్ చేయించాలి. పెట్టె మీద అచ్చువేసిన సైజును నమ్మి ముందే బోరు చేసి ఉంచే షాపుకు నేను బ్లాకు ఇవ్వను.

హోనింగ్ విషయంలో షాపువాళ్లను తప్పకుండా అడగాల్సింది టార్క్ ప్లేట్ గురించి. హెడ్ బోల్టులను పూర్తి టార్క్‌కు (నిర్ణయించిన బిగింపుకు) బిగించగానే సిలిండర్ పైభాగం కొద్దిగా వంకరపోతుంది. హెడ్ లేకుండా గుండ్రంగా హోనింగ్ చేసిన బోరు, హెడ్ బిగించాక గుండ్రంగా ఉండదు. రింగులు గోడకు అంతటా ఆనవు, ఆయిల్ పైకి వస్తుంది, కంప్రెషన్ కిందికి జారుతుంది. అందుకే హెడ్ స్థానంలో టార్క్ ప్లేట్ అనే మందమైన ఇనుప పలకను, మీరు వాడబోయే బోల్టులతోనే, అదే రకం గ్యాస్కెట్‌తో, అదే టార్క్‌కు బిగించి హోనింగ్ చేస్తారు. బోల్టుల బదులు స్టడ్లు (తల లేకుండా, నట్టుతో బిగించేవి) వాడేటట్టయితే పలకను కూడా ఆ స్టడ్లతోనే బిగించాలి. క్రాంక్‌ను బ్లాకులో పట్టి ఉంచే మెయిన్ క్యాపుల సంగతీ ఇంతే. అక్కడ స్టడ్లు పెడితే బిగింపు బలం మారి మెయిన్ బోరు ఆకారం మారుతుంది కాబట్టి, మళ్లీ కొలిచి, అవసరమైతే లైన్ హోనింగ్ (మెయిన్ బోర్లన్నిటినీ ఒకే వరుసలో రుద్దడం) చేయించాలి.

ఒకసారి ఒక షాపు నుంచి వచ్చిన బ్లాకుతో పాటు బిల్లు మీద నాలుగు సిలిండర్లకూ ఒకే క్లియరెన్స్ (పిస్టన్‌కు, గోడకు మధ్య ఖాళీ) రాసి ఉంది. బోర్ గేజి పెట్టి పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా అడ్డంగానూ నిలువుగానూ కొలిచాను. రెండు సిలిండర్లు అడుగున స్పష్టంగా ఇరుకు. అడిగితే, నడుస్తుంటే అదే సర్దుకుంటుందన్నారు. సర్దుకోదు, ఇరుకు చోట పిస్టన్ స్కర్ట్ (దాని కింది పక్క భాగం) గీసుకుపోతుంది. బ్లాకును మరో షాపులో సరిచేయించాకే బిగించాను. అప్పటినుంచి ఏ షాపుకు వెళ్లినా మొదట యంత్రాలను చూడను, కొలిచే పద్ధతిని చూస్తాను. గేజిని మైక్రోమీటర్‌తో సరిచూసుకుంటున్నారా? వేడిగా ఉన్న బ్లాకును గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా వదిలేస్తున్నారా? ప్రతి సిలిండర్ కొలతా కాగితం మీద రాసిస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే షాపు ఎంత తక్కువ అడిగినా నాకు వద్దు.

ఇక పిస్టన్లు. ఫోర్జ్‌డ్ అన్న ఒక్క మాట చూసి కొనకండి, ఏ మిశ్రలోహమో చూడండి. 4032 రకంలో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, క్లియరెన్స్ బిగువుగా ఉంచవచ్చు, చల్లటి ఇంజిన్‌లో చప్పుడు తక్కువ. 2618లో సిలికాన్ దాదాపు ఉండదు. ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వదులుగా బిగించాలి, కానీ డిటొనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) దెబ్బకు పగలకుండా ఓర్చుకునే గుణం దానిదే. రోజూ నడిపే బండికి, కొద్దిపాటి బూస్ట్‌కు (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడికి) నేను 4032 వాడతాను. గట్టి బూస్ట్ పెట్టాలనుకుంటే 2618. ఏదైనా సరే, పిస్టన్‌ను ఎక్కడ కొలవాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్నది తయారీదారు ఇచ్చిన కాగితం ప్రకారమే.

రింగుల చివర్ల మధ్య ఖాళీని చూసుకోకుండా నేరుగా తొడిగేయకండి. టర్బో లేని ఇంజిన్‌లో పై రింగుకు బోరు వ్యాసంలో వెయ్యింటికి నాలుగు వంతులన్నది వాడుకలో ఉన్న లెక్క. 86 మి.మీ. బోరుకు సుమారు 0.34 మి.మీ. అన్నమాట. టర్బోకు దీన్ని ఇంకా పెంచాలి. ఖాళీ కాస్త ఎక్కువైతే పోయే పవర్ చాలా తక్కువ. తక్కువైతే మాత్రం వేడికి రింగు చివర్లు ఒకదానికొకటి తగిలి, బోరు గీసుకుపోయి, పిస్టన్ పై అంచు ఊడి వస్తుంది.

ఒక్కచోట మాత్రం పార్టు ఖరీదు చూడవద్దని గట్టిగా చెబుతాను: రాడ్ బోల్టులు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైకి వచ్చి ఆగి వెనక్కి తిరిగేటప్పుడు దాన్ని పట్టి లాగేవి అవే. ఆ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6000 నుంచి 7500కు వెళితే వేగం పెరిగేది నాలుగో వంతే, బోల్టు మీద లాగుడు మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. మీ ఫ్యాక్టరీ రాడ్లు బాగుంటే, మితమైన బూస్ట్‌కు వాటికే మంచి బోల్టులు వేసుకోవచ్చు. అయితే కొత్త బోల్టులు వేశాక రాడ్ కింది పెద్ద రంధ్రం (బిగ్ ఎండ్) గుండ్రం మారుతుంది, దాన్ని మళ్లీ సైజుకు తేవాలి. బోల్టు పొడవును బిగించక ముందు, బిగించాక కొలిచి, సాగుదలను బట్టి బిగించడం టార్క్ రెంచ్ ఒక్కదాన్నే నమ్మడం కన్నా మేలు.

క్రాంక్ జర్నళ్లలో (బేరింగుల్లో తిరిగే భాగాల్లో) గీతలు లేకపోతే, కొలత పరిధిలో ఉంటే, పాలిష్ చేయిస్తే చాలు. గ్రైండింగ్ తప్పదంటే జర్నల్ అంచున ఉండే గుండ్రటి వంపును అలాగే ఉంచమని చెప్పండి. అక్కడ పదునైన మూల మిగిలితే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. బేరింగు క్లియరెన్స్‌కు జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు మంచి ప్రారంభం: 50 మి.మీ. జర్నల్‌కు 0.05 మి.మీ.

హెడ్ విషయంలో వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ కదిలే గొట్టాల) పని ముందు, సీట్ల (వాల్వ్ ఆనే వలయాల) పని తరువాత. గైడ్ వదులుగా ఉండగా కోసిన సీటు మధ్యకు రాదు. పలు పొరల స్టీల్ గ్యాస్కెట్ వేస్తుంటే బ్లాకు, హెడ్ ముఖాలు ఎంత నునుపుగా ఉండాలో గ్యాస్కెట్ కంపెనీ చెప్పిన కొలతను షాపుకు ఇవ్వండి.

బ్లాకు తిరిగి వచ్చాక కడగడం మీ పనే అనుకోండి. హోనింగ్ రాయి పొడి పెట్రోల్‌తో తుడిస్తే పోదు, గీతల్లో ఇరుక్కుంటుంది. వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షుతో, తెల్ల గుడ్డకు నలుపు అంటనంతవరకు రుద్ది, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ పూయాలి. ఆయిల్ దారుల బిరడాలన్నీ తీసి లోపల కూడా బ్రష్ వేయాలి.

డబ్బు ఆదా అయ్యే చోట్లు లేకపోలేదు. ఫ్యాక్టరీ క్రాంక్ ఫోర్జ్‌డ్ అయితే దాన్నే ఉంచుకోండి. తేలిక పుల్లీలు, మెరిసే కవర్లు ఇప్పుడే వద్దు. బేరింగులు, ఆయిల్ పంపు, గ్యాస్కెట్లు మాత్రం గుర్తింపు ఉన్న డీలరు దగ్గరే కొనండి, వీటిలో నకిలీలు ఎక్కువ. పెట్టె అసలుదానిలా ఉన్నా, ప్రతి బేరింగు షెల్ మందాన్ని మైక్రోమీటర్‌తో చూడండి. ఒకే సెట్‌లో తేడాలు కనిపిస్తే బిగించకుండా వెనక్కి ఇచ్చేయండి.