చివరి సెమిస్టరులో ఉన్న మా అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఎం.ఏ. సంగీతం చివరి సెమిస్టరుకు వచ్చావనీ, పరీక్ష కచేరీలో ఏం పాడాలో తేలక సతమతమవుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కచేరీ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ డిసర్టేషన్ ఎంతవరకు వచ్చిందో చెప్పు. పరీక్షకురాలిగా చాలామంది పిల్లల్ని చూశాను. వేదిక మీద తడబడి డిగ్రీ పోగొట్టుకున్నవాళ్లు అరుదు. రాయవలసింది వాయిదా వేసి, ఆఖరి వారంలో రాత్రులు మేలుకుని, బొంగురుపోయిన గొంతుతో వచ్చి కూర్చున్నవాళ్లే ఎక్కువ. అందుకని రాతపని మొత్తం కచేరీకి నెల ముందే ముగించు. ఆ నెల సాధనకే ఉండాలి.

ఏ అంశానికి ఎన్ని మార్కులో, డిసర్టేషన్ ఎన్ని ప్రతులు ఇవ్వాలో మీ బ్యాచికి వర్తించే సిలబస్‌లోనే చూసుకో. సీనియర్ల జ్ఞాపకం మీద ఆధారపడకు.

అంశాన్ని వీలైనంత చిన్నది చేసుకో. ‘త్యాగరాజ కృతులలో భక్తి’ అని మొదలుపెడితే జీవితకాలం చాలదు. ఒకే రాగాన్ని ఇద్దరు వాగ్గేయకారులు ఎలా నడిపించారో చూపినా చాలు. ఒకే కృతికి రెండు పాఠాంతరాలు తీసుకుని, సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, ఎక్కడ విడిపోతున్నాయో స్వరపరచి చూపితే మరీ మంచిది. ముత్తుస్వామి దీక్షితార్ కృతుల మీద రాస్తే, సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తప్పక తిరగెయ్యి. అది తెలుగు లిపిలో ఉండటం మన అదృష్టం. స్వరాన్ని ఊపే, జార్చే గమకాలకు అందులో వేరే గుర్తులున్నాయి. ముందు ఆ గుర్తుల పట్టిక నేర్చుకుని తర్వాత కృతి చదువు. మన ప్రాంతం గురించే రాయాలనిపిస్తే విజయనగరం ఎంతో దూరం లేదు. 1919లో మొదలైన ఆ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ చెప్పారు. ఆ పరంపరలో నేర్చుకున్న పెద్దలు ఎవరైనా దొరికితే వెళ్లి, వాళ్ల పాఠం రికార్డు చేసుకో. అనుమతి అడిగి, ఎవరి దగ్గర, ఏ తేదీన విన్నావో రాసుకో. పుస్తకంలో దొరకనిది నీ డిసర్టేషన్‌లో ఉండటమంటే అదే.

అసలు తిప్పలు టైపింగ్‌లో మొదలవుతాయి. డీటీపీ చేసేవాళ్లకు మాటలు తెలుసు గానీ స్వరాలు తెలియవు. తారస్థాయి (పై స్థాయి) స్వరానికి చుక్క పైన పెట్టాలి, మంద్రస్థాయి (కింది స్థాయి) స్వరానికి చుక్క కింద పెట్టాలి. ఫాంటు మారిందంటే ఆ చుక్కలు ఎగిరిపోతాయి. రెండో కాలాన్ని (రెట్టింపు వేగాన్ని) చూపే గీత ఒక అక్షరం పక్కకు జరిగిందంటే ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, లెక్కే తప్పుతుంది. ప్రతి పేజీనీ తాళం వేస్తూ పాడుకుని సరిచూడు. ఆది తాళంలో ఆవర్తనానికి ఎనిమిది చేతి క్రియలు, చౌకంలో (నిదానపు నడకలో) క్రియకు నాలుగు చొప్పున ముప్ఫై రెండు అక్షరాలు వస్తున్నాయో లేదో లెక్కపెట్టు. సరిచూసిన తర్వాత పీడీఎఫ్ చేయించి, ఆ ఫైలే ప్రింటుకు ఇవ్వు. పరీక్షకులు ముందుగా తెరిచేది ఆ పేజీలే. స్వరం తప్పుగా ఉంటే, నువ్వు రాసిన మంచి విశ్లేషణను కూడా అనుమానంగానే చదువుతారు.

ఇక కచేరీ. ఈ మూడు నెలల్లో కొత్త కృతి ఏదీ ఎత్తుకోకు. నీకు తోడి రాగం మీద ఆశ ఉందని తెలుసు. కానీ నీ గొంతులో నిలిచింది కాంభోజి. రాగాలాపన, ఒక పంక్తిని రకరకాలుగా అల్లి పాడే నెరవలు, అప్పటికప్పుడు కూర్చే కల్పనస్వరం దానిలోనే చెయ్యి. ఒకే పంక్తిని కాలాలు మార్చి పాడే పల్లవికి కూడా మామూలు ఆది తాళం చాలు. ఎత్తుగడ (మొదలయ్యే చోటు), అరుధి (మధ్యలో ఆగే చోటు) ఖచ్చితంగా పడి, తాళం కదలకుండా వేగం రెట్టిస్తూ పాడే అనులోమం మూడు కాలాల్లోనూ నిలబడితే అదే గొప్ప. జటిలమైన నడకలో సగం దారిలో చెయ్యి ఆగిపోతే చూసేవాళ్లకు కూడా బాధగా ఉంటుంది.

పక్కవాద్యాల వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకో. శ్రీరామనవమి రోజుల్లో మృదంగం వాళ్లు పందిళ్ల కచేరీలకు ముందే మాట ఇచ్చేసి ఉంటారు. నీ శ్రుతి, పాడే వరుస, తాళాలు, తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) ఎక్కడ వస్తుందో కాగితం మీద రాసివ్వు. ఒక్కసారైనా మొత్తం కచేరీ వాళ్లతో కలిసి పాడు. వాళ్ల సంభావన ఆ రోజే చేతికి ఇవ్వాలి.

మన ఊరి గాలి సంగతి మరిచిపోకు. సముద్రం తేమకు మృదంగం చర్మం వదులై శ్రుతి దిగుతుంది. ఎండలోంచి ఏసీ హాల్లోకి వెళ్లగానే తంబురా శ్రుతి మారుతుంది. కాబట్టి అరగంట ముందే వాద్యాలు లోపల ఉండాలి. నీ స్నేహితురాలిది వీణ కదా, ఎండలో నిలిపిన కారులో వీణ వదలొద్దని చెప్పు. వీణ మెట్ల కింద మైనం మెత్తబడితే పరీక్ష రోజున ఎవరూ సరిచేయలేరు.

వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, మాటలకంటే పాట ఎక్కువ పనికొస్తుంది. ఆరభి రాగానికీ దేవగాంధారికీ తేడా ఏమిటని అడిగితే ఆరోహణ, అవరోహణ చెప్పి ఊరుకోకు. అవి రెండింటికీ ఒకటే కదా. ఆరభిలో గాంధార నిషాదాలను తేలికగా దాటిపోతూ ఒక మధ్యమకాలపు పలుకు, దేవగాంధారిలో నిదానంగా ఊగే ఒక సంచారం పాడి వినిపించు. భైరవిలో ధైవతాలు రెండూ ఎక్కడెక్కడ వస్తాయో కూడా పాడే చూపు. పేరులోని మొదటి రెండు అక్షరాలతో మేళకర్త రాగం సంఖ్య చెప్పే కటపయాది సూత్రం అడుగుతారు. ధీరశంకరాభరణంలో ధీ అంటే తొమ్మిది, ర అంటే రెండు, తిరగేస్తే ఇరవై తొమ్మిది. ఇలాంటివి నోటికి రావాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పు. అల్లుకుంటూ పోతే అందరికీ తెలిసిపోతుంది.

కాగితాల పని విసుగే అయినా చెప్పక తప్పదు. పదో తరగతి మెమోలో నీ పేరు, ఇంటిపేరు ఎలా ఉన్నాయో పరీక్ష దరఖాస్తులోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. లైబ్రరీ పుస్తకాలు ఇప్పుడే తిరిగి ఇచ్చి, హాస్టల్ బాకీ తీర్చి, బాకీ లేదనే నో డ్యూస్ పత్రం తీసుకో. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఫీజు రసీదులన్నీ ఒకే ఫైలులో పెట్టు.

స్వరాలున్న అధ్యాయం ప్రింటుకు ఇచ్చేముందు నాకు పంపు. పాడుతూ సరిచూసి, తప్పులున్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ